అలమారా సర్దితే చాలదా? ఒక ఆర్కైవ్ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

పాత కరపత్రాలు, పత్రికా వ్యాసాలు, చిన్న పుస్తకాలు: అనార్కిస్టులవి (ప్రభుత్వమే వద్దనేవాళ్లవి), సోషలిస్టులవి, యూనియన్లవి. కాపీరైటు తీరిపోయినవాటిని శుభ్రంగా టైపు చేసి ఆన్‌లైన్‌లో పెట్టడం మా పని. ముగ్గురం ఉన్నాం. ఒకావిడ స్కానింగ్, ప్రూఫులు చూస్తారు. ఒక కుర్రాడు కోడ్ చూస్తాడు. మిగిలిందంతా, అంటే ఎవరూ ముట్టుకోని పనంతా, నాది. ఇప్పటికి 640 రచనలు ఎక్కాయి.

ఈ వారం తేలకుండా మిగిలిన ప్రశ్న ఒక్కటే. వీటిలోంచి కొన్నింటిని ఏరి, ఒక వరుసలో పెట్టి సంకలనాలుగా కూర్చాలా, వద్దా?

నేను వద్దన్నాను. పుస్తకాలు అలమారాలో పెట్టడం వరకే మన పని, "ఇది ముందు చదువు, అది తర్వాత చదువు" అనే హక్కు మనకెవరిచ్చారు అన్నాను. పైగా ఈ రచయితలు బతికున్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూడలేదు. సోషలిస్టు మార్క్సు, అనార్కిస్టు బకూనిన్‌ల తగాదాకి కార్మికుల అంతర్జాతీయ సంఘం, అంటే మొదటి ఇంటర్నేషనలే, రెండుగా చీలింది. 1872లో బకూనిన్‌ని అందులోంచి వెళ్లగొట్టారు. ఇప్పుడు మనం ఒకర్ని పైన, ఇంకొకర్ని కింద పెడితే అది ఆర్కైవ్ రాజకీయ లైను అనుకుంటారు.

ఆవిడ ఏమీ అనలేదు. "సరే, ముందు ట్యాగులు బాగుచెయ్యండి" అన్నారు. అంటే నన్ను ఒప్పుకోలేదని అర్థం.

రెండో వారం

ట్యాగులు చూస్తే తల తిరిగింది. "సమ్మె", "సమ్మెలు", "కార్మిక సమ్మె", "సార్వత్రిక సమ్మె" నాలుగూ వేరువేరుగా ఉన్నాయి. మొత్తం 310 ట్యాగులుంటే సగానికి పైగా ఒక్కో రచనకే అంటుకుని ఉన్నాయి. ఒకచోట "స్త్రీ", ఇంకోచోట "స్త్రీలు", మరోచోట "మహిళ". ఇదంతా నా పుణ్యమే. ఎక్కించేటప్పుడు ఏది తోస్తే అది కొట్టుకుంటూ పోయాను.

మూడు రాత్రులు కూర్చుని 310ని 74కి తెచ్చాను. పని మధ్యలో ఒక సంగతి తట్టింది. ట్యాగు "ఇందులో సమ్మె గురించి ఉంది" అని చెబుతుంది. అది నిజమో కాదో ఎవరైనా చదివి తేల్చుకోవచ్చు. సంకలనం అలాంటిది కాదు. "వీటిని కలిపి చదివితే ఏదో తెలుస్తుంది" అని చెబుతుంది. అంటే అది వాదన. మరి వాదన చేసినవాడి పేరు పక్కన ఉండాలా, వద్దా? అక్కడ ఆగాను. ఈ ఆలోచన నా "వద్దు"కి అనుకూలమో వ్యతిరేకమో ఇంకా తేలలేదు.

మూడో వారం

పరీక్ష పెట్టాం. ఈ సాహిత్యం ఎప్పుడూ చదవని ముగ్గురిని పిలిచి, సైటు తెరిచి ఇచ్చి, పక్కన కూర్చున్నాం. సలహాలివ్వకూడదన్నది నియమం. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది.

మొదటాయన "కొత్తగా చేర్చినవి" నొక్కాడు. ఆ వారం పైన ఉన్నది అచ్చు కార్మికుల కూలి రేట్ల మీద ఒక కరపత్రం. రెండు పేరాలు చదివి, "ఇవన్నీ ఇలాగే ఉంటాయా?" అన్నాడు. రెండో ఆవిడ రచయితల జాబితాకి వెళ్లి అక్షర క్రమంలో పైనుంచి మొదలుపెట్టింది. పది నిమిషాల్లో "అ" కూడా దాటలేదు. మూడో అతను "ఎక్కువగా చదివినవి" తెరిచాడు. అందులో పైన ఉన్నవి ఎప్పట్నుంచో పైనే ఉన్నవి. పైన ఉన్నాయి కాబట్టి చదువుతారు, చదువుతారు కాబట్టి పైన ఉంటాయి.

వాళ్లు వెళ్లాక ఆవిడ అన్న మాట డైరీలో రాసుకోక తప్పదు. "మనం కూర్చడం లేదని మీరంటారు గానీ, కూరుస్తూనే ఉన్నాం. మొదటి పేజీని ఈ వారం నా స్కానర్ కూర్చింది. రెండోదాన్ని అక్షరమాల కూర్చింది. మూడోదాన్ని గుంపు కూర్చింది. వాటిలో ఒక్కటైనా ఎందుకు ఇలా పెట్టానని చెప్పిందా?"

జవాబు దొరకలేదు. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో మూడోది "ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు" అంటుంది. నాలుగోది పాఠకుడి సమయం కాపాడమంటుంది. ఆ గంటలో మేం రెండూ తప్పాం. కూలి రేట్ల కరపత్రానికీ ఎక్కడో పాఠకుడు ఉంటాడు. అతను మాత్రం ఈయన కాదు.

నాలుగో వారం

ఇక చరిత్ర వైపు తిరిగాను, ఎక్కడైనా నా "వద్దు"కి ఊతం దొరుకుతుందేమోనని. దొరికింది తలకిందులుగా.

మా దగ్గర ఎక్కువమంది దించుకునే వాటిలో బకూనిన్ పేరున్న "గాడ్ అండ్ ద స్టేట్" ఒకటి. దాని మెటాడేటా సరిచూద్దామని ఫైలు తెరిచాను. పైన శీర్షిక, రచయిత, భాష, తేదీ గళ్లు. తేదీ దగ్గర "1882" అని నేనే కొట్టి ఉన్నాను. కానీ బకూనిన్ 1876లోనే పోయాడు. రాసింది 1871లో. అచ్చు వేయించింది తోటి అనార్కిస్టులు కార్లో కఫియేరో, ఎలిజే రెక్లూ. ఒక పెద్ద అసంపూర్ణ గ్రంథంలోంచి ఈ ముక్క తీసి, భాష కాస్త చక్కదిద్ది, పేరు కూడా వాళ్లే పెట్టారు. రాతప్రతిలో బకూనిన్ పెట్టుకున్న శీర్షిక దీనికి ఆమడ దూరంలో ఉంటుంది. అది జర్మన్ కమ్యూనిస్టుల సిద్ధాంతం మీద విమర్శ. రాతప్రతి మధ్యలోనే ఆగిపోతుంది, మిగతా కాగితాల కోసం వెతికినా దొరకలేదు.

అంటే అసలు గ్రంథం అనుకుని నేను నెత్తిన పెట్టుకున్నది ఒక సంకలనకర్త చేతి పని. ఆ చేతి గుర్తు మా పేజీలో ఎక్కడా లేదు. రచయిత గడిలో బకూనిన్ పేరు, సంపాదకుల గడి ఖాళీ.

ఇది ఒక్కటే అయితే వదిలేద్దును. రష్యా అనార్కిస్టు క్రొపొట్కిన్ 1883 నుంచి 1886 దాకా ఫ్రాన్సులో క్లెర్వో జైల్లో ఉన్నాడు. ఆయన పత్రికలో రాసిన వ్యాసాలు ఏరి 1885లో మొదటి పుస్తకంగా తెచ్చిందీ ఆ రెక్లూయే. రచయిత జైల్లో, సంకలనకర్త బయట. "మ్యూచువల్ ఎయిడ్" 1902లో పుస్తకమైంది గానీ, 1890 నుంచి 1896 దాకా ఒక ఇంగ్లీషు పత్రికలో విడివిడిగా వచ్చిన వ్యాసాలే అవి. అమెరికా అనార్కిస్టు వోల్టరీన్ డి క్లేర్ 1912లో పోతే, 1914లో ఆమె ఎంపిక రచనలు కూర్చింది మరో అనార్కిస్టు అలెగ్జాండర్ బెర్క్‌మన్. మార్క్సు, ఎంగెల్స్‌ల "జర్మన్ ఐడియాలజీ" కథ ఇంకా ఘోరం. 1845, 46లలో రాసి వదిలేసిన కాగితాలవి. జర్మన్ తత్వవేత్త ఫాయర్‌బాఖ్ మీది అధ్యాయం అంటూ మనం చదివేది 20వ శతాబ్దపు సంపాదకులు అతుకులు వేసి నిలబెట్టినది. పరిశోధకుల కోసం వేసిన సంచిక 2017లో వచ్చినప్పుడు ఆ అతుకులు విప్పి, రాతప్రతులను రాతప్రతులుగానే అచ్చు వేశారు.

కూర్చకుండా వదిలేసిన రాడికల్ సాహిత్యం అంటూ అలమారాలో ఉందనుకున్నాను. నేను చూసినంతవరకు దాదాపు లేదు. ఉన్నదల్లా కూర్చినవాళ్ల పేరు కనబడేవి, కనబడనివి. నా మొదటి వారం నోటు కొట్టేశాను. పూర్తిగా తుడిచెయ్యలేదు, గీత గీశానంతే. తర్వాత చదువుకుని నవ్వుకోవచ్చు.

ఈ వారం పని: 640 ఫైళ్లలోనూ "సంపాదకులు", "రాసిన ఏడు", "అచ్చయిన ఏడు" వేరువేరు గళ్లు. కుర్రాడు "అన్నా, మూడు గళ్లు పెట్టడం అరగంట పని. నింపడం ఎవరు?" అన్నాడు. నేనే.

ఐదో వారం

మొదటి సంకలనం తయారుచేశాం. పేరు "మొదటిసారి వచ్చినవాళ్లకు". పన్నెండు రచనలు. బకూనిన్, క్రొపొట్కిన్, మలటెస్టా, ప్రూధాన్, ఎమ్మా గోల్డ్‌మన్, ఇలా పేరున్న అనార్కిస్టులు. గంటలో అయిపోయింది. అంత తొందరగా అయిపోయినప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు పొద్దున చూస్తే పన్నెండుమందిలో పదిమంది యూరోపు మగవాళ్లు. నేనేమీ పనిగట్టుకుని చెయ్యలేదు. చేతికి అందినవి పెట్టాను, చేతికి ఏవి అందుతాయో నూరేళ్లుగా ఎవరో నిర్ణయిస్తూ వచ్చారు. సరే, సరిదిద్దుదామని ఇద్దరిని తీసి హె జెన్‌ని, రికార్డో ఫ్లోరెస్ మాగోన్‌ని పెట్టాను. హె జెన్ 1907లో తోక్యోలో చైనా భాషలో పత్రిక నడిపిన అనార్కిస్టు స్త్రీవాది. మాగోన్ మెక్సికో విప్లవకారుడు. ఆవిడ చూసి, "మిగతా పదిమందీ వాదిస్తున్నారు. వీళ్లిద్దరూ హాజరు వేయించుకుంటున్నారు" అన్నారు. నిజమే. ఇరికించినట్టే ఉంది.

ప్రూధాన్ దగ్గర ఇంకో చిక్కు. ఆడవాళ్ల గురించి ఆయన రాసినవి చదివితే ఒళ్లు మండుతుంది. బకూనిన్ రాతల్లో యూదుల మీద ద్వేషం కక్కిన పేజీలున్నాయి. అలమారాలో అవి ఉండాలి, తీసేస్తే చరిత్రకి సున్నం కొట్టినట్టే. కానీ "మొదటిసారి వచ్చినవాళ్లకు" అని చేతిలో పెట్టేటప్పుడు ఒక్క మాట కూడా చెప్పకుండా పెడతామా? రచన పేజీలో మా వ్యాఖ్య ఉండకూడదని మొదట్లోనే అనుకున్నాం. మరి ఆ మాట ఎక్కడ రాయాలి? సంకలనంలో రాయొచ్చు. సంకలనం కావాలనిపించిన మొదటి గట్టి కారణం నాకు అక్కడ దొరికింది. మూలాన్ని ముట్టుకోకుండా మాట్లాడడానికి చోటు కావాలి.

ఆ పన్నెండు జాబితా తీసేశాను. అది బయటివాళ్లెవరికీ చూపించలేదు, ఈ డైరీకి తప్ప.

ఆరో వారం

"ముఖ్యమైనవి" అనే మాట పక్కన పెట్టి, ఒక ప్రశ్న పెట్టుకుని దాని చుట్టూ సంకలనం కూర్చుదామని ఆవిడ సలహా. ప్రశ్న కూడా ఆవిడే ఇచ్చారు: జైలు లోపలినుంచి జైలు ఎలా కనిపించింది?

ఇది నడిచింది. క్లెర్వో నుంచి బయటికొచ్చాక క్రొపొట్కిన్ 1887లో రష్యా, ఫ్రాన్సు జైళ్ల మీద రాసిన పుస్తకంలోంచి రెండు అధ్యాయాలు. 1892లో ఒక ఉక్కు కంపెనీ పెద్ద మీద కాల్పులు జరిపి 22 ఏళ్ల శిక్ష పడి, 14 ఏళ్లు లోపలున్న బెర్క్‌మన్ 1912లో అచ్చు వేసిన జైలు జ్ఞాపకాలు. గోల్డ్‌మన్ 1910 వ్యాసాల పుస్తకంలో జైళ్ల మీది వ్యాసం. మాగోన్ 1922లో అమెరికాలోని లెవెన్‌వర్త్ జైల్లోనే చనిపోయాడు, అక్కడినుంచి రాసిన ఉత్తరాలున్నాయి. జపాన్‌లో 1911 జనవరిలో అనార్కిస్టు కోటోకు షూసుయిని ఉరి తీశారు. మర్నాడు తోటి అనార్కిస్టు కన్నో సుగాకోని. ఉరికి ముందు రోజుల్లో ఆమె రాసుకున్న డైరీ మిగిలింది.

ఈ జాబితాలో ఎవరూ హాజరు కోసం లేరు. అందరూ ఒకే గోడని వేరువేరు వైపుల నుంచి చూస్తున్నారు. క్రొపొట్కిన్ జైలుని ఒక వ్యవస్థగా లెక్కలు కడతాడు. బెర్క్‌మన్ పక్క గదిలో మనిషి దగ్గుని వింటాడు. వీళ్లిద్దరి పక్కన మరణం ఖాయమైన ఒక ఆడమనిషి రోజువారీ రాతని పెడితే, ముందు రెండూ వేరేలా వినిపిస్తాయి. ఇది అక్షర క్రమానికి చేతకాదు. ఏ ట్యాగుకీ చేతకాదు.

అయితే కన్నో డైరీ మా దగ్గర లేదు. మూలం పాతదే గానీ, ఇంగ్లీషు అనువాదం ఇంకా కాపీరైటులో ఉంది. తీసేద్దామా అంటే మనసొప్పలేదు. 2014లో మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి జరిగింది గుర్తొచ్చింది. మార్క్సు, ఎంగెల్స్‌ల 50 సంపుటాల ఇంగ్లీషు సమగ్ర రచనల హక్కులున్న ప్రచురణ సంస్థ లారెన్స్ అండ్ విషార్ట్, తమ సంపుటాల పాఠాన్ని ఏప్రిల్ 30కల్లా తీసేయమని అడిగింది. ఆర్కైవ్ తీసేసింది. అలాంటప్పుడు వరుసలో పడే ఖాళీని కప్పిపెడితే, అక్కడ ఒకటి ఉండేదని తర్వాత వచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

అందుకని మా సంకలనంలో ఆరో వరుస ఖాళీ గడిగానే కనిపిస్తుంది. పేరు, ఏడు, "మా దగ్గర లేదు, కారణం ఇది" అని ఒక్క వాక్యం. చూడ్డానికి పన్ను ఊడిన నోరులా ఉంది. అలాగే ఉండనిచ్చాం.

ఏడో వారం

కోడ్ వారం. త్వరగా రాసేస్తాను.

సంకలనం అంటే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. రచనల ఐడీలు (ఒక్కో రచనకి ఒక గుర్తింపు పేరు) వరుసగా, ఒక్కోదాని పక్కన "ఎందుకు ఇక్కడ" అని రెండు మూడు వాక్యాలు. రచన తన చోటు నుంచి కదలదు. సంకలనం దాన్ని వేలెత్తి చూపిస్తుందంతే. ఒకే రచన ఐదు సంకలనాల్లో ఉండొచ్చు, ఏ ఒక్కదాంట్లో లేకపోయినా అలమారాలో దాని పరువుకి లోటు లేదు. పాత కాగితాల ఆర్కైవులు 1841 నుంచి ఫ్రాన్సులో మొదలుపెట్టి పాటిస్తున్న సూత్రం ఒకటుంది: ఒకచోటి నుంచి వచ్చిన కాగితాలను విషయాల వారీగా చీల్చి పంచకూడదు. కాగితానికి ఒక్కటే చోటు కాబట్టి వాళ్లకి ఆ కట్టడి తప్పలేదు. ఫైలుకి ఆ బాధ లేదు, చీల్చకుండానే పంచొచ్చు.

ఫైలు పైన నాలుగు గళ్లు తప్పనిసరి. ఎవరు కూర్చారు. ఎప్పుడు. ఏ ప్రశ్న కోసం. ఏం వదిలేశారు, ఎందుకు. ఒక్కటి ఖాళీగా ఉన్నా బిల్డ్, అంటే ఫైళ్ల నుంచి సైటు తయారయ్యే పని, ఆగిపోతుంది. నాలుగోది నా పట్టుదల. కుర్రాడికి నచ్చలేదు, "వదిలేసినవి లెక్కలేనన్ని ఉంటాయి కదన్నా" అన్నాడు. అన్నీ అక్కర్లేదు, చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసినవి రాస్తే చాలు అన్నాను.

ప్రమాదం కూడా నా చేతుల్లోనే జరిగింది. శీర్షికల్లో తప్పులు దిద్దుతూ ఫైలు పేర్లు కూడా మార్చేశాను. ఐడీ ఫైలు పేరు నుంచే పుడుతోందని మర్చిపోయాను. రాత్రి పదకొండింటికి చూస్తే జైలు సంకలనంలో ఒకటి కాదు, ఏడు ఖాళీ గళ్లు. క్రొపొట్కిన్ కూడా "మా దగ్గర లేదు". టెన్షన్‌తో కుర్రాడికి ఫోన్ చేశాను. ఫైళ్ల పాత రూపాలు దాచే గిట్‌లో పాతవన్నీ ఉన్నాయి కాబట్టి గంటలో వెనక్కి వచ్చాయి. ఇకనుంచి ఐడీ ఒకసారి పుడితే మారదు, పేరు ఎన్నిసార్లైనా మారొచ్చు. ఇది మొదటి రోజే చేసి ఉండాల్సింది.

ఎనిమిదో వారం

కుర్రాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. అనార్కిస్ట్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వాళ్లు వాడే అమ్యూజ్‌వికీ సాఫ్ట్‌వేర్‌లో చదివేవాళ్లే తమకు కావలసిన రచనలు ఏరుకుని, ఒక పుస్తకంగా పీడీఎఫ్ చేసుకునే సదుపాయం ఉంది. మడతపెట్టి కుట్టుకునేలా పేజీలు కూడా అదే అమరుస్తుంది. "మనమూ అది పెట్టి ఊరుకుంటే పోదా? ఎవరి సంకలనం వాళ్లే చేసుకుంటారు."

పెట్టాలి, పెడతాం. అందంగా ఉంది కూడా. కానీ ఊరుకోలేం. ఏరుకోవడం తెలిసినవాడికి అది వరం. మూడో వారంలో కూలి రేట్ల దగ్గర ఆగిపోయిన ఆయనకి ఏం ఏరుకోవాలో తెలియకే కదా చిక్కు. ఖాళీ బుట్ట చేతికిచ్చి, తోట అంతా నీదే అంటే స్వేచ్ఛలాగే ఉంటుంది. బుట్ట మాత్రం ఖాళీగానే ఇంటికెళుతుంది.

ఈ సందర్భంలో ఆగ్నెస్ ఇంగ్లిస్ గుర్తొచ్చారు. జో లబాడీ అనే అనార్కిస్టు 1911లో తన కాగితాలన్నీ మిషిగన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. 1924 ప్రాంతంలో ఈవిడ వెళ్లి చూసేసరికి వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. సర్దడం మొదలుపెట్టి 1952లో పోయేదాకా అదే పనిలో ఉన్నారు. పాత ఉద్యమకారులకి ఉత్తరాలు రాసి మరిన్ని కాగితాలు తెప్పించారు. ఆ సేకరణ దాచుకున్నందువల్ల మాత్రమే మిగల్లేదు, ఏది ఎవరిదో, దేని పక్కన ఏది ఉండాలో తెలిసిన ఒక మనిషి దాని దగ్గర కూర్చున్నందువల్ల పనికొచ్చింది. కూర్చున్న మనిషి పేరు మనకి తెలుసు కూడా. మా పేజీల్లో సంపాదకుల గడి ఎన్నిచోట్ల ఖాళీగా ఉందో తలచుకుంటే సిగ్గేసింది. ఈ రాత్రికి 212 దాకా నింపాను.

తొమ్మిదో వారం

జైలు సంకలనం బయటపెట్టాం. కింద మా ముగ్గురి పేర్లు, తేదీ. "18 నెలల తర్వాత దీన్ని మళ్లీ చూస్తాం, అప్పటిదాకా మార్చం" అని ఒక లైను. పాత రూపం కూడా చెరిపెయ్యం, పక్కన ఉంటుంది.

మూడో వారం పరీక్షకి వచ్చిన కూలి రేట్ల ఆయన్ని మళ్లీ పిలిచాం. బెర్క్‌మన్ దగ్గర మొదలుపెట్టి నలభై నిమిషాలు లేవలేదు. తర్వాత సంకలనం వదిలేసి, రచన పేజీ మీదుగా, బెర్క్‌మన్ కాల్పుల వెనకున్న 1892 ఉక్కు కార్మికుల సమ్మె వైపు వెళ్లిపోయాడు. మా వరుస ఆయన పాటించలేదు. నాకు అదే నచ్చింది.

రెండు రోజులకి ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. కోపంగా ఉంది. మీ సంకలనంలో అందరూ పేరున్న ఖైదీలే, పుస్తకాలు రాయగలిగినవాళ్లే, యూనియన్ కరపత్రాల్లో రెండు లైన్లలో జైలు గురించి రాసి పేరు కూడా లేకుండా పోయినవాళ్లు మీకు కనబడలేదా అని. తను కూర్చిన పోటీ సంకలనం జతచేశాడు. తొమ్మిది కరపత్రాలు, అన్నీ మా అలమారాలోవే. వాటిలో రెండు నేనే టైపు చేసి మర్చిపోయినవి.

వెంటనే ఎక్కిద్దామని ఫైలు పెట్టాను. బిల్డ్ ఆగిపోయింది. నాలుగో గడి ఖాళీ. అదే మాట అతనికి రాసి పంపాం.

మర్నాడు పొద్దున జవాబు వచ్చింది. ఏం వదిలేశాడో పదకొండు వాక్యాలు రాశాడు, సంకలనం కంటే ఆ గడే పొడుగు. మొదటి వాక్యం: "బెర్క్‌మన్‌ని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను, మీ దగ్గర ఎలాగూ ఉన్నాడు కాబట్టి." ఇప్పుడు రెండు సంకలనాలూ పక్కపక్కన ఉన్నాయి. ఏది ముందు కనబడాలన్న దాని మీద కుర్రాడూ నేనూ ఇంకా వాదించుకుంటున్నాం.